పడుగు తాగాల్సిన గంజి

మా అక్క బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించే రోజు ఖాయం చేసుకొని రమ్మని అమ్మ నన్ను వనపర్తికి పంపింది. రోజు ఖాయమైంది. దానితోపాటు నా ఆపరేషన్ కూడా ఖాయమైంది.

మా ఇళ్లలో ఈ పనికి మేనమామ లేనిదే కత్తెర కదలదు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని మొదటి కత్తెర మేనమామే వేయాలి. మిగతాదంతా మంగలాయన చూసుకుంటాడు. నా అంతటి చేతకానివాడికి కూడా దేవుడు ఒక అక్కనిచ్చి, ఆ అక్కకు ఒక కూతుర్నిచ్చి, లోకంలో ఒక్క పనికైనా నన్ను తప్పనిసరి చేశాడు. మొక్కు అలంపురం అమ్మవారికి. పిల్లకు మూడో ఏడు నడుస్తోంది. అది దాటితే మళ్లీ ఐదో ఏటిదాకా ఆగాలి. అప్పటికే జుట్టు కళ్లలోకి దిగి, పిల్ల మేకపిల్లలాగా వెంట్రుకల సందుల్లోంచి లోకాన్ని చూస్తోంది. మా బావ బస్సు కండక్టరు. ఆయనకు సెలవు దొరకడమూ, పండగనాడు ఆయన బస్సులో సీటు దొరకడమూ ఒకటే. ఎలాగో ఒక రోజు దొరికింది. మూడు వారాలు కూడా లేదు.

ఆ సంతోషంలో అక్క జొన్నరొట్టెలు, కోడికూర చేసింది. రొట్టెలు నేను లెక్కపెట్టలేదు, బావ పెట్టాడు. అందుకే కాసేపటికి నాకు కడుపునొప్పి మొదలైతే ఇంట్లో ఎవరూ పరేషాన్ కాలేదు.

"ఓవర్‌లోడు. జర అటిటు నడువు, దిగిపోతది" అన్నాడు బావ, టికెట్ల సంచి సర్దుకుంటూ.

నడిచాను. నొప్పి దిగింది గానీ పూర్తిగా దిగలేదు. బొడ్డు దగ్గర ఎక్కింది, కుడిపక్క కింది స్టేజీలో ఆగిపోయింది. పొద్దు వాలేసరికి నేను నడవడం మాని వంగాను. వంగినవాణ్ణి వంగినట్టే ఆటోలో వేసి దవాఖానకు తీసుకుపోయారు.

"అపెండిక్స్ వాచింది, తీసెయ్యాలి" అన్నాడు డాక్టరు.

"తీసేస్తె ఎట్ల సారూ? అది లేకుంటె మనిషికి నడుస్తదా?" అక్కకు కళ్లలో నీళ్లు.

"దానితో ఏం పనిలేదమ్మా. ఊరికే ఉంటుంది, అంతే."

బావ నావైపు చూశాడు. మా ఇంట్లో ఊరికే ఉండేది నేనొక్కణ్ణేనని అమ్మ అంటుంటుంది. నా లోపల కూడా నాలాంటివాడు ఒకడున్నాడనీ, వాడు ఊరికే ఉండీ ఉండీ చివరికి అలిగి వాచాడనీ అప్పుడే తెలిసింది.

నేను గద్వాలలో మగ్గం నేసేవాణ్ణి. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగును పోగుతో మెలేసుకుంటూ నేయాలి. దాన్ని మేం కుట్టు అంటాం. మా బతుకు నిలబడేది దానిమీదే. అందుకే తెలివి రాగానే నేను అడిగిన మొదటి మాట, "కుట్లు ఎట్ల పడ్డయి?" అని.

"పడాల్సినట్టే పడ్డయి. నువ్వు నేసేది ఏం లేదు, పండుకో" అంది సిస్టరమ్మ.

తర్వాత కట్టు మార్చేటప్పుడు తల ఎత్తి చూశాను. నల్ల దారం, ఎగుడుదిగుడు అంచు. మా అమ్మ చూస్తే విప్పదీసి మళ్లీ నేయమనేది.

మత్తు దిగేటప్పుడు వాంతులు మామూలేనన్నారు. మత్తు దిగింది, వాంతులు దిగలేదు. మొదటి డోకు వచ్చినప్పుడు కుట్లన్నీ ఒక్కసారే కేక వేశాయి. సిస్టరమ్మ పరుగున వచ్చి, తలగడ తీసి నా పొట్టమీద పెట్టి, రెండు చేతులతో అదుముకోమంది. "దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, వాంతొచ్చినా, నవ్వొచ్చినా గిట్లనే పట్టుకో." మా పాలమూరు జనం కడుపు చేత పట్టుకొని బొంబాయి పోతారని లోకమంతా అంటుంది. నేను కడుపు చేత పట్టుకొని మంచం నుంచి బాత్రూం దాకా పోయాను. అది కూడా వలసే. పోయినవాడు తిరిగొస్తాడో లేదోనని ప్రతిసారీ అక్క గుమ్మం దగ్గర నిలబడేది.

వికారం అన్న మాటను అంతదాకా నా మొహానికి సంబంధించిన మాటగానే ఎరుగుదును. అది కడుపుకు కూడా పడుతుందనీ, పడితే లోకం మొత్తం ఒక వాసనగా మారిపోతుందనీ అక్కడే నేర్చుకున్నాను. ఫినాయిలు వాసన, పక్క మంచం ఆయన తలకు రాసుకున్న నూనె వాసన, వరండాలో ఎవరో విప్పుతున్న పులుసు టిఫిను వాసన. ముక్కు ఒక్కటే పనిచేస్తోంది నాలో. మిగతావాళ్లంతా సెలవు పెట్టారు.

అక్క రోజూ ఇంటినుంచి గంజి తెచ్చేది. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, పొయ్యి మీదినుంచి దించి, చల్లారకుండా గుడ్డలో చుట్టుకొని పరుగున వచ్చేది. మూత తీస్తే పొగలు. పొగలు అది కక్కేది, మిగతాది నేను కక్కేవాణ్ణి.

"వేడివేడిగ తాగు తమ్మీ, పేగులు తేటవడతయి. ఇగో, నేనీడ నిలవడ్డ. తాగినంక పోత."

ఆమె నిలబడేది. నేను తాగేవాణ్ణి. నేను తాగింది మాత్రం నిలబడేది కాదు.

చూడటానికి వచ్చినవాళ్లకు ఒకటే ప్రశ్న, "ఏం తిన్నవు?" అని. నేను ఏం తిన్నానో చెప్పేలోపే వాళ్లు ఏం తిని వచ్చారో చెప్పేవాళ్లు. రోగి దగ్గర కూర్చున్నాక మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆపరేషనైన మనిషి ఏమేం తినకూడదో ప్రతివాళ్లకూ తెలుసు. గుమ్మడికాయ తింటే చీము పడుతుందట, వంకాయ తింటే దురదట. వాళ్లు వద్దన్న కూర పేరు చెప్పడంతోనే నాకు ఆ కూర కడుపులో ఉడికేది.

వచ్చినవాళ్లలో నాగర్‌కర్నూలు నుంచి మా చిన్నమ్మ కొడుకు కూడా ఉన్నాడు. వరుసకు తమ్ముడు. బండెడు మనిషి, మనసు కూడా అంతే వెడల్పు. నాకని బత్తాయిలు తెచ్చి, నేను తినలేనని తెలిసి, పాడవుతాయని తానే ఒలుచుకుని తింటూ కూర్చున్నాడు.

"ఫికర్ చేయకు అన్నా. నీతోని కాకుంటె అలంపూర్‌ల నేను కూసుంట తీ. నేను గూడ మేనమామనే గద. నా ఒళ్లె ఇద్దరు పిల్లలు పడ్తరు" అని తొడ చరిచాడు.

మంచిమాటే. కానీ బత్తాయి తొనలాగా లోపల ఎక్కడో పుల్లగా తగిలింది. డాక్టరు ఇంటికి పంపేటప్పుడు ఇంకా పుల్లగా చెప్పాడు.

"మాత్రలు ఆపకుండా వాడండి. కొందరికి వాటితో కూడా తిప్పుతుంది, అవి అయ్యాక తగ్గవచ్చు. పిల్లను ఎత్తొద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కానీ తిన్నది నిలిస్తేనే ఆ ప్రయాణం. డోకులతోటి, జీపు కుదుపులతోటి పోతే మళ్లీ నా దగ్గరికే వస్తరు."

బయటికి రాగానే బావ అన్నాడు, "దేవుని పని, ఆపొద్దు. కాకుంటె నాగర్‌కర్నూలు చిన్నోనితోని కానిద్దాం. నాకు మళ్ల సెలవు ఎప్పుడిస్తరో తెల్వదు."

"నా తమ్ముడు రాకుంటె దాని జుట్టు జడలు కట్టనీ. ఇంకొకని ఒళ్లె కూసోబెట్ట" అంది అక్క.

ఇద్దరూ నా పొట్టవైపు చూశారు. నేనూ చూశాను. అది ఏ మాటా ఇవ్వలేదు.

గద్వాల చేరాక నాకు కొత్త తిప్పలు. మగ్గం ఉన్న ఇల్లంటే వాసనల ఇల్లు. ఉడకబెట్టిన పట్టు వాసన, రంగుల వాసన, నూలు మీద ఆరిన గంజి వాసన. పుట్టినప్పటినుంచి పీల్చిందే గనుక అవి నన్ను ఏమీ అనలేదు. అన్నదల్లా వంటింటి తిరగమోత. ఆవాలు చిటపటమంటే నేనూ చిటపటమనేవాణ్ణి. మగ్గం ఖాళీగా ఉంది. మా చీర ఒక్కరు నేస్తే తెగేది కాదు. ఇటు నేను కూర్చుంటే అటునుంచి అంచు పోగు చుట్టిన నాడె అందించేది మా ఆవిడ. ఇప్పుడు ఆమె నాడెకు బదులు గిన్నె అందిస్తోంది.

అమ్మ అక్క చెప్పినట్టే మిరియాల గంజి కాచి, అక్కలాగే నెత్తిమీద నిలబడేది. తల్లీ కూతుళ్లకు ఒక్క గురువే అయి ఉండాలి.

ఎదురింటి భాయ్ చూడటానికి వచ్చాడు. ఆయనకు జీపు ఉంది. అయిజకూ, అలంపురానికీ, పెళ్లిళ్లకూ తిప్పేవాడు. మేం పోవాల్సింది ఆ జీపులోనే.

"అరె తమ్మీ, ఏంది గిట్ల పుల్లలెక్క అయినవ్? నా జీపుల గింతమంది కక్కిన్రు గని, బండి ఎక్కకముందే కక్కెటోన్ని నిన్నే చూస్తున్న" అని మంచం పక్కన కూర్చున్నాడు. "నీకు ముందర సీటు రాసి పెట్టిన. తలకాయ అటిటు తిప్పొద్దు, దూరంగ రోడ్డు దిక్కే చూడాలె. నిమ్మకాయ చేతుల ఉండాలె. అయినా వస్తదంటవా, కవర్లు ఉండనే ఉన్నయి."

"వస్తె బండి ఆపుతవా భాయ్?"

"ఆపుత. గని తిండి ఆపకు. ఖాళీ కడుపోళ్లే ఎక్కువ కక్కుతరు, నేను చూసిన గద."

ఖాళీ లేని కడుపు చేసుకోవడమే నా కష్టమని ఆయనకు చెప్పడానికి నోరు తెరిచాను. తెరిస్తే ఏమొస్తుందోనని మళ్లీ మూశాను.

అలంపురానికి ఇంక వారం ఉందనగా మా వీధిలో పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే నూలుకు, గంజి పెట్టే రోజు వచ్చింది. నేను లేవలేకపోయినా చీరలకు నూలు కావాలి కదా, మా పడుగూ పక్కింటివాళ్ల పడుగూ కలిపి పెడదామని అమ్మ అనుకుంది. పొద్దు పొడవకముందే వీధి పొడవునా కర్రలు పాతి, పడుగు సాగదీసి, ఈ కొసనుంచి ఆ కొసకు కుంచెతో గంజి రాసుకుంటూ పోతారు. గంజి ముందురోజు సాయంత్రమే బియ్యం ఉడికించి, వార్చి, చల్లార్చి పెట్టుకోవాలి. రాసేముందు అందులో కాస్త నూనె కలుపుతారు.

ఆ పొద్దున మా పొయ్యి పక్కన రెండు గంజులున్నాయి. మా దగ్గర వండుకునే గిన్నెను గంజు అంటారు. రెండు గంజుల్లో రెండు గంజిలు, రెండిటిమీద రెండు ఒకేలాంటి పళ్లాలు. ఒకటి నిన్న సాయంత్రం పడుగు కోసం చేసింది. ఇంకొకటి ఇప్పుడే నాకోసం మిరియాలు, ఉప్పు వేసి కాచింది. నీళ్ల పంపు వచ్చిందని మా ఆవిడ బిందెలతో పరుగెత్తింది. వీధిలోంచి "గంజి తేవమ్మా, పొద్దు ఎక్కుతుంది" అని కేక. అమ్మ ఆ తొందరలో ఏదో చూసుకోకుండానే ఒక గంజును కొంగుతో పట్టుకొని బయటికి పోతూ, నీళ్లు మోసుకొస్తున్న మా ఆవిడకు చెప్పింది, "ఉన్నదాన్ల గ్లాసెడు వానికి పొయ్యి."

మా ఆవిడ ఉన్నదాంట్లోంచి పోసింది. మళ్లీ బిందెకు పోవాలి కనుక నెత్తిమీద నిలబడలేదు. "ఇగో, ఈడ పెట్టిన. నీకు బుద్ధి పుట్టినప్పుడు తాగు" అని పోయింది.

నా జబ్బు మొదలైనప్పటినుంచీ నా ముందు ఎవరూ లేకుండా నేనూ ఒక గ్లాసూ ఎదురుబొదురుగా కూర్చున్నది అదే మొదటిసారి. పొగ లేదు, ఘాటు లేదు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. చల్లగా, కొంచెం పులిసినట్టు, చిక్కగా జారింది. ఎక్కడో ఎరిగిన వాసన. ఇంకో చుక్క. ఎవరితోనూ పోటీ లేదు గనుక మెల్లగా తాగాను. గ్లాసు అయిపోయింది. ఉప్పు వేయడం మరిచిపోయినట్టున్నారు అనుకున్నాను.

అప్పుడు వీధిలో గొడవ మొదలైంది.

"ఏంది వదినా ఇది, నీళ్లలెక్క జారుతుంది?" అది కుంచె పట్టుకున్న పక్కింటాయన గొంతు. నాలుక మీద వేసుకుని చూసి ఉంటాడు. "ఓ వదినా! ఉప్పున్నది. అరె, మిరియాలు గూడ ఉన్నయి. ఏం, పడుగుకు సర్ది పట్టిందా?"

వీధి వీధంతా నవ్వు. ఎవరో ఆడమనిషి, "వెల్లుల్లి గూడ ఏసిందేమో చూడు, పిల్లబాలింత పడుగు" అంది. నాకు నవ్వొచ్చింది, సిస్టరమ్మ చెప్పినట్టు తలగడ పట్టుకున్నాను. నవ్వుతుండగానే ఆ మాట తిరిగి నా దగ్గరికే వచ్చింది. నా మిరియాల గంజి పడుగు దగ్గర ఉంటే, మరి పడుగు గంజి ఎక్కడున్నట్టు?

అమ్మ లోపలికి పరుగెత్తుకొచ్చింది. వెనక కుంచెతో పక్కింటాయన, ఆయన వెనక బిందెతో మా ఆవిడ, గుమ్మం బయట మిగతా వీధి.

"తాగినవా?"

"తాగిన."

"అంత తాగినవా కొడుకా?"

నేను గ్లాసు బోర్లించి చూపించాను. అమ్మ తల పట్టుకుంది. "అయ్యో నా చేతులిరగ! పడుగుకు పోసేది కొడుకుకు పోస్తి."

"నూనె కలిపినవా?" అన్నాడు పక్కింటాయన.

"ఇంక కలపలే."

"అయితె బతికిండు. బియ్యమే గద."

మా ఆవిడ బిందె దించి బకెట్టు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. అందరూ నిలబడ్డారు. నా ముఖం వంక, బకెట్టు వంక. ఇన్ని రోజులుగా ఎవరూ అడగకుండానే నేను చేసి చూపించిన పనికి ఇవాళ ఇంతమంది చూడటానికి వచ్చారు. ఒళ్లంతా చెవి చేసుకుని లోపలికి వింటున్నాను. లోపల గంజి కాస్త కదిలి, సర్దుకుని, కాలు చాపుకుంది. తర్వాత ఒక తేన్పు వచ్చింది. మామూలు తేన్పు. దాని వెనక ఇంకేమీ రాలేదు.

"నిలవడ్డది" అంది మా ఆవిడ, గట్టిగా అంటే పడిపోతుందేమోనన్నట్టు.

"నిలవడక ఏంజేస్తది? పడుగునే నిలవెడ్తది గంజి. వీడొక లెక్కనా?" అన్నాడు పక్కింటాయన కుంచె ఊపుతూ. వీధి మళ్లీ నవ్వింది. నయం, వాళ్లు నా గంజిని పడుగు ఒక కొసకే రాశారు. ఆ కొస నీళ్లతో కడిగి, మళ్లీ రాసి, ఆరబెట్టేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ కొసలో నేసిన చీర ఎవరు కట్టుకున్నారో తెలియదు గానీ, ఆమెకు ఎన్నడూ జలుబు చేసి ఉండదు.

అమ్మకు దాంట్లో దేవుడు కనిపించాడు. మా ఆవిడకు మాత్రం గ్లాసు కనిపించింది. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, "సల్లగున్నది. అదే" అంది. నేను అవునో కాదో చెప్పేలోపే ఇంటి పద్ధతి మారిపోయింది. పొయ్యి పెరట్లోకి పోయింది. తిరగమోత గాలి అటు వీస్తేనే వేయాలి. నాకు ఇచ్చేది ఏదైనా ముందు చల్లారాలి. గ్లాసు చిన్నది కావాలి. అన్నిటికంటే ముఖ్యం, నేను తినేటప్పుడు ఇంట్లో ఎవరూ నావైపు చూడకూడదు. అమ్మకు ఇది కష్టమైంది. గోడకు తిరిగి కూర్చుని, "తింటున్నవా?" అని గోడను అడిగేది.

చల్లని గంజి తర్వాత చల్లని పెరుగన్నం నిలిచింది. మధ్యలో చేతినిండా బొరుగులు. తిన్నాక పడుకోకుండా గోడకు ఆనుకుని కూర్చోవడం. రోజులో ఒక్క పూట గెలిస్తే ఒక పూట ఓడేవాణ్ణి. తర్వాత మాత్రలు అయిపోయాయి, డాక్టరు అన్నట్టే తిప్పడం తగ్గింది, వాటితో నోట్లో చేరిన ఇనుము రుచి కూడా పోయింది. కుట్లు తీసిన కంపౌండరు, "మంచిగ అతుక్కున్నది" అన్నాడు. నేను మర్యాదకు, "మా కుట్టు అంత కాదు గని, నడుస్తది" అన్నాను.

ముందురోజు సాయంత్రం బావ, అక్క, పిల్ల, వాళ్లతోపాటు నాగర్‌కర్నూలు తమ్ముడు దిగారు. తమ్ముడు కొత్త పంచె కట్టుకుని వచ్చాడు.

"ఎందుకన్న మంచిదని" అన్నాడు బావ నన్ను చూడకుండా.

"పంచె కట్టంగనే మేనమామ అయితడా? ఇంక పొద్దున ఉన్నది" అని అక్క మొగుణ్ణి కసిరి, నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, నిజం చెప్పు. నిలుస్తున్నదా?"

"నిలుస్తుంది."

"కుదుపుకు గూడ నిలుస్తదా?"

అది నాకూ తెలియదు. అందుకే ఎక్కువ గట్టిగా తలూపాను.

పొద్దున్నే బయలుదేరాం. నేను భాయ్ పక్కన ముందు సీట్లో. ఒక చేతిలో నిమ్మకాయ, పొట్టమీద పూలగలీబు తలగడ. పెళ్లికొడుకుకు కత్తి ఇచ్చినట్టు మా ఆవిడ ఆ తలగడను నా చేతికి ఇచ్చింది. పిల్ల నన్ను వదలనని ఏడిస్తే తలగడ మీద కూర్చోబెట్టారు. వెనక అమ్మ, అక్క, బావ, మా ఆవిడ, కొత్త పంచె తమ్ముడు. అమ్మ కాళ్ల దగ్గర స్టీలు క్యానులో నా చల్లని గంజి.

భాయ్ చెప్పినట్టు దూరంగా రోడ్డు చివరనే చూస్తూ కూర్చున్నాను. పత్తిచేలు పక్కనుంచి పోతున్నాయని తెలుసుగాని చూడలేదు. గుంత వచ్చినప్పుడల్లా భాయ్ "గుంత" అనేవాడు, నేను తలగడను అదుముకునేవాణ్ణి, తలగడ మీది పిల్ల కిలకిలా నవ్వేది. వెనకనుంచి అక్క "నిమ్మకాయ, నిమ్మకాయ" అనేది. సగం దారి గడిచింది. నాలో ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఇంత బాగుంటుందని అంతకుముందు తెలియదు.

పిల్లకు మాత్రం పొద్దుటినుంచి ఎవరికి తోచింది వాళ్లు పెట్టారు. బిస్కెట్లు, మిక్చరు, అరటిపండు, బావ కొనిచ్చిన రంగు ఐసు. అది నవ్వుతూ నవ్వుతూ ఆగింది. నావైపు తిరిగి, "మామా" అంది. ఆ పిలుపు నాకు తెలుసు. ఇన్ని రోజులూ లోపలినుంచి నన్ను పిలిచిన పిలుపే. కవరు అందుకునేలోపే ఐసు రంగుతో సహా అంతా నా తెల్ల చొక్కా మీదికి వచ్చింది.

జీపులో ఎవరూ పిల్లను చూడలేదు. అందరూ నన్నే చూశారు. భాయ్ బండి పక్కకు తీసి, కవరు నోరు విప్పి నా గడ్డం కింద పట్టాడు. "కానీయ్ తమ్మీ, ఏం ఫికర్ లేదు."

వాసన వచ్చింది. వచ్చి, నా ముక్కు దగ్గర నిలబడి, లోపలికి చూసి, నాకు కోపం రాలేదని తెలుసుకుని, పోయింది. పిల్ల అరచేత్తో మూతి తుడుచుకుంది. ఏదో తప్పు చేశానన్నట్టు నా చొక్కా వంక చూస్తోంది.

"ఏం కాలే బిడ్డా. మామకు అయితది గద రోజూ. నీకు మామ పోలికొచ్చింది" అన్నాను.

అప్పుడు వెనకనుంచి సన్నని గొంతు వినిపించింది. "భాయ్... జర నన్ను దిగనీ." కొత్త పంచె మోకాళ్లదాకా ఎత్తుకుని నాగర్‌కర్నూలు తమ్ముడు తుమ్మచెట్టు వెనక్కి పరుగెత్తాడు. బండెడు మనిషి కదా, చప్పుడు కూడా బండెడే. బావ మొదట నవ్వాడు, తర్వాత అక్క, తర్వాత భాయ్ స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. నేను తలగడ అదుముకుని, కుట్లు పడ్డచోట నొప్పెడుతున్నా నవ్వు ఆపలేక, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. తమ్ముడు తిరిగొచ్చి, "మీరు నవ్వుండ్రి గని అన్నా, నాకా నిమ్మకాయ ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. నా అంతటివాడు ఇంకొకరికి నిమ్మకాయ ఇచ్చే స్థాయికి ఎదిగాడు.

అమ్మ పిల్లకు చెంబెడు నీళ్లు తాగించబోయింది. నేను ఆపాను. నోరు కడిగించి, తడిగుడ్డతో మెడ తుడిచి, ఒక్క గుక్క మాత్రమే ఇచ్చి, దూరంగా కనిపిస్తున్న గుట్టను చూపించాను. "అది ఎంత దూరముందో చూస్తుండు. కిందికి చూడకు." పిల్ల బుద్ధిగా చూసింది. మిగిలిన దారంతా మామా కోడలూ ఒకే దిక్కు చూస్తూ పోయాం.

తర్వాతి ఏళ్లలో ఊరిని ముంచిన తుంగభద్ర వరద అప్పటికింకా రాలేదు. నది తన చోట తాను సన్నగా ఉంది. మెట్ల దగ్గర చాప వేశారు. బావ తన చొక్కా విప్పి నాకిచ్చి బనీనుతో నిలబడ్డాడు. నేను కూర్చుని తలగడ పెట్టుకున్నాను, తలగడ మీద పిల్లను పెట్టుకున్నాను.

"తలగడతోని వచ్చిన మేనమామను ఇదే చూసుడు" అన్నాడు మంగలాయన.

"అందరికి ఒళ్లు పరిచే మేనమామ ఉంటడు గద, మాకు పరుపు పరిచే మేనమామ" అన్నాడు బావ. మాటలో ఎగతాళి ఉంది గాని కళ్లలో లేదు. కత్తెర నా చేతిలో పెట్టింది ఆయనే.

పోగును పోగునుంచి విడదీయడం నాకు చేతనైన ఒకే పని. నుదుటిమీద పడే ఆ మేకపిల్ల జుట్టును రెండు వేళ్లతో పట్టి కత్తిరించాను. అక్క చీర కొంగు పట్టి అందుకుంది. కొంగులోని ఆ కాస్త జుట్టును చూసి, నన్ను చూసి, ముక్కు ఎగబీల్చింది. తర్వాత మంగలాయన కత్తి అందుకున్నాడు. పిల్ల ఊరంతా వినేలా ఏడ్చింది. ఏడుస్తూ కూడా నా వేలు వదల్లేదు.

గుండుకు గంధం పూశారు. ఆ తడి గంధం వాసన నా ముక్కుదాకా వచ్చింది. ఇన్ని రోజుల తర్వాత ఒక వాసనకు మొహం తిప్పుకోవాలనిపించలేదు. ఇంకోసారి వంగి వాసన చూశాను.

దర్శనమై మెట్లమీద విప్పిన పులిహోర అందరూ తిన్నారు. ముందుగా తిన్నది నాగర్‌కర్నూలు తమ్ముడే. పిల్ల మాత్రం ఏది పెట్టినా మూతి ముడిచి, తల అడ్డంగా తిప్పుతోంది. నాకు అర్థమైంది. నేను అందరినీ అటు తిరిగి కూర్చోమన్నాను. బావ నదివైపు, అక్క గుడివైపు, అమ్మ అలవాటు ప్రకారం గోడవైపు తిరిగారు. క్యాను మూత తీసి గ్లాసులో కొంచెం పోసి, నేను ఒక గుక్క తాగి, పిల్లకు ఒక గుక్క ఇచ్చాను. అది నాలుక మీద పెట్టుకుని ఆలోచించింది. మింగింది. మళ్లీ నోరు తెరిచింది.

"తాగుతున్నదా?" అమ్మ గోడను అడిగింది.

"తాగుతుంది. ఏ గంజి తెచ్చినవమ్మా?"

"భయపడకు. పడుగుది కాదు, మీ ఇద్దరిదే" అంది అమ్మ గోడతో.

గ్లాసు ఖాళీ అయింది. పిల్ల గుండు నా గదమకు రాసుకుంటూ క్యానులోకి తొంగి చూస్తోంది. నాకేమో పక్కనున్న పులిహోర వంకే కళ్లు పోతున్నాయి. అది కూడా చల్లారింది. ఎవరూ ఇటు చూడటం లేదు కదా అని ఒక ముద్ద తీసుకున్నాను. తర్వాత ఇంకొకటి తీసుకుంటుంటే, నదివైపు తిరిగి ఉన్న బావ తల తిప్పకుండానే అన్నాడు, "రెండో ముద్ద. నేను లెక్కవెడ్తున్న బామ్మర్దీ."